అనేక హస్తములు, ఒకే ముఖము



"అయ్యగారూ, మా అబ్బాయి రాత్రి పన్నెండింటిదాకా ఆ సెల్‌ఫోను వదలడు. మీరైనా ఒక మాట చెప్పండి" అని తల్లులు వచ్చి నాతో మొరపెట్టుకొనుట పరిపాటి. నేనును వారి పక్షమున అనేక మాటలు చెప్పితిని. గత సంవత్సరము ఒక ఆదివారము ప్రసంగములో సెల్‌ఫోనును, అందులో వచ్చు పాటల వీడియోలను ఒక్క మూటగా కట్టి గట్టిగా ఖండించితిని. మా గుడిలో డోలకు వాయించు యౌవనుడొకడు ఆ మీదట రెండు ఆదివారములు ఆరాధనకు రాలేదు. మూడవ వారము నేనే వారి యింటికి వెళ్లితిని. అతడు మర్యాదగా కుర్చీ వేసి, తల వంచుకొని, "అయ్యగారూ, మీరు తిట్టినవాటిలో ఒక్కటైనా చూశారా?" అని అడిగెను.

నేను చూచియుండలేదు. చూడక తీర్పు తీర్చుట న్యాయము కాదని మీకు బోధించువాడను నేనే గదా! ఆ రాత్రి వారి అరుగుమీద కూర్చుండి, అతడు చూపిన దానిని మూడుమారులు చూచితిని. దానిని గూర్చియే ఈ వ్యాసము.

అతడు చూపినది "ది జానీ క్యాష్ ప్రాజెక్ట్" అనునది. 2010వ సంవత్సరమున క్రిస్ మిల్క్ అను దర్శకుడును, ఆరన్ కోబ్లిన్ అను కళాకారుడును కలిసి దీనిని ఆరంభించిరి. జానీ క్యాష్ అమెరికా దేశపు గాయకుడు. 1932లో ఆర్కన్సా రాష్ట్రమున పుట్టి, తలిదండ్రులతో పత్తిచేలలో పనిచేసి పెరిగినవాడు. 1944లో అతని అన్న రంపపు యంత్రము వలన గాయపడి చనిపోయెను. ఆ దుఃఖము అతనిని జీవితాంతము విడువలేదు. అతడు పరిశుద్ధుడని నేను చెప్పను. మత్తుమాత్రలకు బానిసయై చాలకాలము చెడెను. అయినను భక్తిగీతములను మానలేదు. 1968లో ఫోల్సమ్ చెరసాలకు వెళ్లి ఖైదీల యెదుట పాడెను. 2003 మే నెలలో అతని భార్య జూన్ కార్టర్ మరణించెను. అదే సంవత్సరము సెప్టెంబరు 12న తానును కన్ను మూసెను. చివరి దినములలో పాడిన పాటలు కొన్ని 2010లో ఒక సంపుటముగా వెలువడినవి. ఆ సంపుటము పేరును, అందలి మొదటి పాట పేరును ఒక్కటియే: "ఎయింట్ నో గ్రేవ్". ఏ సమాధియు తన దేహమును పట్టి ఉంచజాలదని దాని భావము. దానిని కట్టిన క్లాడ్ ఈలీ ఒక గ్రామ సువార్తికుడు. బాల్యమున క్షయరోగముతో మంచమున పడియుండగా కట్టెనని చెప్పుదురు. అదే సంపుటములో క్యాష్ తానే వ్రాసిన మరియొక పాటకు కొరింథీయుల మొదటి పత్రిక పదునైదవ అధ్యాయపు వచన సంఖ్యయే పేరుగా ఉన్నది.

ఇక ఈ వీడియో చేయబడిన విధము వినుడి. కదలు బొమ్మ యనగా, వరుసగా నిలిచిన బొమ్మలను వేగముగా త్రిప్పుటయే. ఈ దర్శకుడు క్యాష్ యొక్క పాత చిత్రములనుండి ఒక్కొక్క బొమ్మను విడదీసి అంతర్జాలములో ఉంచెను. ఆ దినములలో ఏ దేశస్థుడైనను ఆ వెబ్‌సైటు తెరచి, తనకు వచ్చిన ఒక్క బొమ్మను చూచుచు తన చేతితో తిరిగి గీయగలిగెడివాడు. రంగులు లేవు, నలుపు, తెలుపు, బూడిదవన్నె మాత్రమే. గీసి పంపిన బొమ్మ పాటలో దాని స్థానమున చేర్చబడెడిది. ఇట్లు లోకమంతటి నుండి వేలాది జనులు గీసిన బొమ్మలు వరుసగా పరుగెత్తగా, చనిపోయిన మనుష్యుడు మన కన్నుల యెదుట నడచుచు పాడుచున్నట్లు కనబడును. 2011వ సంవత్సరపు గ్రామీ బహుమానములకు లఘు సంగీత వీడియోల తరగతిలో ఇది ప్రతిపాదింపబడెను.

దీని గుణమును మొదట చెప్పెదను. ఒకరు ముఖమును చుక్కలతో గీసిరి, మరియొకరు గీతలతో గీసిరి, వేరొకరు మసిబొగ్గు పూసినట్లు పూసిరి. ఏ రెండు బొమ్మలును ఏకరీతిగా లేవు. కావున ఆ ముఖము నిలకడగా ఉండక, దీపపు నీడవలె అల్లాడుచుండును. అయినను ఆ మనుష్యుడెవరో మనము ఒక్క క్షణమైనను పొరబడము. పాటలో గొలుసులు ఈడ్చుచు నడచునట్టి చప్పుడు వినవచ్చును. వృద్ధుని కంఠము వణకును. బొమ్మయు వణకును. మాటకును రూపమునకును ఇంతటి పొందిక మన క్రిస్మస్ నాటకములలో ఎన్నడైనను సాధించితిమా?

మరియొక గుణమేమనగా, సైటులో ఏ బొమ్మనైనను పట్టి నిలిపినయెడల, దానిని గీసినవాడెవడో, ఎన్ని గీతలు గీసెనో, ఎంతసేపు కూర్చుండెనో చూపబడెడిది. గీసిన క్రమమంతయు మరల చూడ వీలుండెను. రెప్పపాటులో గడచిపోవు ఒక్క బొమ్మ కొరకు ఒకడు గంటసేపు వంగి కూర్చుండెనని తెలిసినప్పుడు, నాకు మన గుడిని తెల్లవారకముందే ఊడ్చు ముసలమ్మ జ్ఞాపకమునకు వచ్చెను. ఆరాధనకు వచ్చువారు శుభ్రమైన నేలను చూతురు గాని, ఆమె ఊడ్చిన గంటను చూడరు. ఈ పని ఆ గంటను చూపినది.

ఇది విగ్రహమును చేయుట కాదా అని మీలో కొందరు అడుగుదురు. నేనును అడుగుకొంటిని. దీనికి ఎవరును మ్రొక్కలేదు, దీనియొద్ద ఏమియు వేడుకొనలేదు. మన యిండ్లలో గోడకు తగిలించిన తాతగారి పటము వంటిదే ఇదియు. అయితే తాతగారి పటమునకే దండ వేసి దీపము పెట్టు దినము వచ్చినట్లు, ఒక గాయకుని అభిమానము హద్దు మీరు దినమును రావచ్చును. ఆ జాగ్రత్త చూచువానికి ఉండవలెను.

గుణములు చెప్పితిని గనుక దోషములను దాచను. సైటులో బొమ్మలకు మార్కులు వేయు ఏర్పాటు ఉండెను. ఎక్కువ మెప్పు పొందిన బొమ్మలతోనే పాటను చూడ వీలుండెను. అట్లు చూచినయెడల చేయి తిరుగనివాని గీత వెనుకకు పోయెడిది. రెండు కాసులు వేసిన విధవరాలి కథ ఎరిగిన మనకు ఇది రుచింపదు. ఇంతకంటె పెద్ద లోపము మరియొకటి కలదు. గీసిన వేలమంది ఒకరి నొకరు ఎరుగరు. ప్రతివాడును తన గదిలో ఒంటరిగా గీసెను. మన గుడిలో పాడునప్పుడు ప్రక్కవాని శ్రుతి తప్పిన స్వరము మన చెవిని పడును; దానిని సహించి, మన స్వరమును సరిచేసికొని పాడుదుము. ఆ సహనము ఈ పనిలో లేదు.

ఇదే క్రిస్ మిల్క్ 2010లోనే "ది వైల్డర్‌నెస్ డౌన్‌టౌన్" అని మరియొక పని చేసెను. అది ఆర్కేడ్ ఫైర్ అను బృందపు పాట కొరకు గూగుల్ వారితో కలిసి చేసినది. చూచువాడు తాను పెరిగిన ఇంటి చిరునామా వ్రాసినయెడల, ఆ వీధియు ఆ యిల్లును పాటలోనికి వచ్చెడివి. తన బాల్యమునకు తానే ఒక ఉత్తరము వ్రాయగలిగెడివాడు. అది తెలివిగలదే, కన్నీరు తెప్పించునదే. అయితే అందు మనుష్యుడు తన్ను తాను చూచుకొనును. మొదటిదానిలో అందరును ఒక్కని వైపు చూతురు. నా తీర్పు అడిగినయెడల మొదటిదియే గొప్పది.

ఇంకొక సంగతి. ఆ దినములలో ఇట్టి వింత పనులు అనేకము ఫ్లాష్ అను సాధనముతో కట్టబడినవి. అడోబి కంపెనీ 2020 డిసెంబరు 31తో దాని పోషణను మానుకొనెను. 2021 జనవరి 12 మొదలు అది నడువకుండ అడ్డగించెను. అందుచేత అట్టివి ఎన్నో మొదటి రూపమున తెరచుకొనకపోయెను. ఇంటర్నెట్ ఆర్కైవ్ వంటి సంస్థలు కొన్నిటిని భద్రపరచుచున్నవి. చిమ్మటయు త్రుప్పును మన పెట్టెలకే గాక కంప్యూటరు పెట్టెలకును పట్టునని ఎరుగుడి. సమాధి పట్టజాలదని పాడిన పాటకు చేసిన బొమ్మల వంటివే ఇంత త్వరగా మరుగగును. పాట చెప్పిన నిరీక్షణ మాత్రము ఏ యంత్రముమీదను ఆధారపడి లేదు.

పెద్దలారా, రాత్రి పండ్రెండింటిదాక మెలకువగా ఉండు బిడ్డను మందలించుడి. నిద్రయు చదువును పాడుచేసికొనుట మంచిది కాదు. కాని మందలించుటకు ముందు ఒకమారు ప్రక్కన కూర్చుండి, "నీవు చూచుచున్నది నాకును చూపుము" అని అడుగుడి. పనికిమాలినది చూపినయెడల ఎందుకు పనికిమాలినదో చెప్పగలరు. మంచిది చూపినయెడల మీరే నేర్చుకొందురు. నేను ఆ యింటి అరుగుమీద నేర్చుకొంటిని. తరువాతి ఆదివారము ప్రసంగ పీఠమునుండి, చూడని దానిని దూషించితినని నా తప్పు ఒప్పుకొంటిని. పీఠము మీద నిలిచి అట్టి మాట చెప్పుట నాకు సులభము కాలేదు.

డోలకు ఆ దినమున తన చోటనే ఉండెను.