కొత్త సమరాంగణ క్రీడలు: చూడదగినవి ఏవి?

చదరంగానికి ఇద్దరు చాలు. కబడ్డీకి పద్నాలుగురు కావలెను. ఇద్దరు దొరకుట ఎంత సులభమో, పద్నాలుగురు ఒకే వేళకు, ఒకే చోటికి, ఇంచుమించు ఒకే సత్తాతో దొరకుట అంత కష్టము. ఊరిలో ఎన్నడైనా పోటీలు పెట్టించిన వారికి ఈ సంగతి చెప్పనక్కరలేదు. ఈనాడు కంప్యూటర్లపైన, సెల్‌ఫోనులపైన ఆడే ఒక జాతి ఆటలకు కూడ ఇదే చిక్కు ఉన్నది. కొత్తగా వస్తున్న ఆ ఆటలలో చూడదగినవి ఏవి అని కళాశాల విద్యార్థులు అడుగుతుంటారు. బొమ్మలు ఎంత ముచ్చటగా ఉన్నవి, వీరులు ఎందరున్నారు అనే కొలతలతో ఈ ప్రశ్నకు జవాబు చెప్పుట సరికాదు. ఆటకు కావలసిన జనమును ఆ ఆట ఏ విధముగా కూడగట్టుకొనుచున్నది అన్నదే అసలైన కొలత. ఆ కొలతతో మూడు ఆటలను తూచి చూతము.

ఆట స్వరూపము

వీటిని ‘బహుజన సమరాంగణ క్రీడలు’ అనవచ్చును. ఆడేవారు క్లుప్తముగా ‘మోబా’ అంటారు. మైదానములో ఎదురెదురు మూలలలో రెండు కోటలు. వాటిని కలుపుతూ సాధారణముగా మూడు దారులు. జట్టుకు ఐదుగురు. యంత్రమే నడిపే బంట్లు ఆ దారుల వెంట అలలు అలలుగా వచ్చి పోరాడుతుంటారు. ప్రతి ఆటగాడు ఒక వీరుని ఎన్నుకొని, ఎదుటి బంట్లను పడగొట్టి బంగారము సంపాదించి, దానితో ఆయుధములు కొని బలపడుతూ, తన జట్టుతో కలసి ఎదుటి కోటను కూల్చవలెను. చదరంగములోని యోచన, కబడ్డీలోని పొత్తు రెండును ఇందులో ఉన్నవి.

2003లో ‘వార్‌క్రాఫ్ట్ 3’ అనే ఆటకు అభిమానులు కల్పించిన ఒక మైదానముతో ఈ పద్ధతి ప్రసిద్ధికి వచ్చినది. దాని పేరు ‘డిఫెన్స్ ఆఫ్ ది ఏన్షెంట్స్’. తరువాత 2009లో ‘లీగ్ ఆఫ్ లెజెండ్స్’, 2013లో ‘డోటా 2’ వెలువడినవి. 2022లో బర్మింగ్‌హామ్‌లో జరిగిన కామన్‌వెల్త్ ఈ-స్పోర్ట్స్ పోటీలలో మన దేశపు జట్టు డోటా 2లో కాంస్య పతకము గెలిచినది. 2023 హాంగ్‌జౌ ఆసియా క్రీడలలో ఈ జాతి ఆటలకు పతకములే ఇచ్చినారు. కాబట్టి వీటిని పనిలేనివారి కాలక్షేపమని త్రోసివేయుట కుదరదు.

ఉజ్జీ కుదుర్చుట

ఆట రక్తికట్టవలెనంటే ఉజ్జీ కుదరవలెను. ఇందుకు మోబాలు వాడే లెక్కలకు మూలము చదరంగములో ఉన్నది. అమెరికాలోని మార్క్వెట్ విశ్వవిద్యాలయములో భౌతికశాస్త్రము బోధించిన అర్పాద్ ఈలో, ఆటగాని బలమును ఒక అంకెతో సూచించే పద్ధతిని రూపొందించినాడు. ప్రపంచ చదరంగ సమాఖ్య దానిని 1970లో స్వీకరించినది. మన పొరుగున ఉన్న ఓరుగల్లు బిడ్డ అర్జున్ ఎరిగైసి 2024 డిసెంబరు జాబితాలో 2801 అంకెకు చేరినాడని మనము గర్వముగా చెప్పుకొన్నది ఈ లెక్క ప్రకారమే.

ఇద్దరి అంకెలు సమానమైతే గెలుపు అవకాశము సగము సగము. తేడా 200 అయితే బలవంతునికి నూటికి 76 పాళ్లు. తేడా 400 అయితే పదకొండింట పది పాళ్లు అతనివే. బలహీనునికి మిగిలేది పదకొండింట ఒక పాలు. అటువంటి ఆటను రోజూ ఎవరు ఆడుదురు?

దూరము తెచ్చే చిక్కు

రెండవది దూరము. ఆటగాళ్ల చేతలన్నిటిని కలిపి లెక్కగట్టే యంత్రము, అనగా సర్వరు, ఎక్కడో ఉంటుంది. గాజుతీగలో వెలుగు సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. జమ్మికుంట నుండి ముంబయికి గాలివాటున దాదాపు 700 కిలోమీటర్లు. పోయిరావడానికి 7 మిల్లీసెకన్లు. సింగపూరుకు దాదాపు 3,250 కిలోమీటర్లు. పోయిరావడానికి 32 మిల్లీసెకన్లకు పైగా పడుతుంది. డోటా 2 తన లోకమును సెకనుకు 30 మారులు లెక్క వేస్తుంది, అంటే ఒక్కొక్క అడుగుకు 33 మిల్లీసెకన్లు. సర్వరు సింగపూరులో ఉన్నచో ఒక అడుగు కాలము కేవలము ప్రయాణానికే పోయినదన్నమాట. తీగ వంకరలు, మధ్య మజిలీలు, ఫోను టవరు చేసే ఆలస్యము దీనికి అదనము. ఎంతటి ఇంజనీరైనను వెలుగు వేగమును పెంచలేడు. అందుచేత ఉజ్జీ అయినవారు ప్రపంచములో ఉంటే చాలదు. మనకు దగ్గరలో ఉండవలెను.

నిరీక్షణ గణితము

ఇప్పుడు ఒక చిన్న లెక్క వేయుదము. ఒక కొత్త ఆటను ప్రపంచమంతటా ఒకే సమయమున 3,000 మంది ఆడుచున్నారనుకొనుడు. దూరమును బట్టి ఆరు ప్రాంతములుగా విడదీసిన ప్రాంతమునకు 500 మంది. బలమును బట్టి పది తరగతులు చేసిన తరగతికి 50 మంది. ఒక ఆట 40 నిమిషములు నడుస్తుందంటే, నిమిషానికి సగటున ఒకటింపావు మంది మాత్రమే ఆట ముగించి తిరిగి వరుసలోకి వస్తారు. పదిమంది పోగుపడవలెనంటే 8 నిమిషములు పడుతుంది. అదే ఆటకు 60,000 మంది ఉన్నచో 24 సెకన్లు చాలును.

నిరీక్షణ తగ్గించుటకు నిర్మాతలు పది తరగతులను రెండుగా కుదింతురు. అప్పుడు నిరీక్షణ ఒకటిన్నర నిమిషానికి దిగుతుంది. కాని కొత్తవాడు ఆరితేరినవాని చేతిలో పడతాడు. నాలుగు రోజులు దెబ్బలు తిని వెళ్లిపోతాడు. జనము ఇంకా తగ్గుతుంది, నిరీక్షణ ఇంకా పెరుగుతుంది. మా జమ్మికుంట పత్తి మార్కెట్టు ఎరిగినవారికి ఇది కొత్త కాదు. పత్తి వచ్చే చోటికే ఖరీదుదారులు వస్తారు, ఖరీదుదారులున్న చోటికే పత్తి వస్తుంది. ఒకసారి తగ్గుట మొదలైన మార్కెట్టును నిలబెట్టుట మహా కష్టము.

గతములో దీనికి నిదర్శనములు కోకొల్లలు. ఎపిక్ సంస్థవారి ‘పారగాన్’ చూచుటకు ఎంతో అందమైనది. 2018 ఏప్రిల్‌లో మూతపడినది. ‘జైగాంటిక్’ అదే సంవత్సరము జులైలో ఆగినది. 2016లో వచ్చిన ‘బ్యాటిల్‌బార్న్’ సర్వర్లను 2021 జనవరిలో ఆపివేసినారు. వీటిలో బొమ్మలకు లోటు లేదు, జనమునకే లోటు.

మూడు ఆటల పరీక్ష

మొదటిది వాల్వ్ సంస్థవారి ‘డెడ్‌లాక్’. 2024 ఆగస్టులో ఆ సంస్థ దీనిని బహిరంగపరచినది. ఇంకను ప్రయోగదశలోనే ఉన్నది, ఆడుచున్నవారు పిలిస్తేనే ప్రవేశము. అయినప్పటికీ 2024 సెప్టెంబరులో ఒకే సమయమున 1,70,000 మందికి పైగా ఆడినారు. తుపాకి గురికి, మోబా యోచనకు వియ్యము కుదిర్చిన ఆట ఇది. జట్టుకు ఆరుగురు. పిలుపు పద్ధతిలో ఒక తెలివి ఉన్నది. మిత్రుడు మిత్రుని తెస్తాడు కనుక కొత్తవాడు ఒంటరిగా రాడు. మొదట నాలుగు దారులుండగా 2025 ఫిబ్రవరిలో మూడు చేసినారు. ఆరుగురు నాలుగు దారులకు పంచబడితే కొన్ని దారులలో ఒక్కడే మిగులును. మూడైతే దారికి ఇద్దరు. తడబడేవానికి పక్కన తోడు దొరికినది. ఇది చిన్న మార్పుగా కనబడినను, కొత్తవారిని నిలుపుకొనే దారి ఇదేనని నా అభిప్రాయము. లోపము లేకపోలేదు. ఆటకు పన్నెండుగురు కావలెను కనుక మన లెక్కలోని 8 నిమిషములు దాదాపు 10 అగును. గురి చూచి కాల్చవలసిన ఆటలో దూరము తెచ్చే ఆలస్యము మరింత బాధించును. మంచి కంప్యూటరు లేనివానికి ఇది అందదు.

రెండవది ‘స్మైట్ 2’. 2025 జనవరిలో ఉచితముగా అందరికి తెరచినారు. వీరుని వెనుక నుండి చూస్తూ ఆడవలెను. పాత్రలు దేశదేశాల దేవతలు. 2014లో వెలువడిన మొదటి స్మైట్‌లోనే అగ్ని, వామనుడు, రాముడు, రావణుడు ఉన్నారు. కాళి చిత్రణపై 2012లోనే అమెరికాలోని హిందువులు కొందరు అభ్యంతరము తెలిపినారు. వామనుడు హఠాత్తుగా మహాకాయుడగుట మన కథకు దగ్గరగానే ఉన్నది. కాని మూడడుగుల నేల అడిగిన యుక్తి లేని వామనుడు గొడుగు పట్టిన మల్లుడు మాత్రమే. కంప్యూటరువారు, టీవీకి తగిలించే ఆటపెట్టెలవారు ఒకే వరుసలో నిలిచి ఆడే వీలు కల్పించుట దీని సుగుణము. రెండు చెరువులకు ఒక కాలువ త్రవ్వినట్లు జనము కలుస్తుంది. ఐతే పాత ఆటలో డబ్బు పెట్టి కొన్న వేషములు కొత్తదానికి రానందున పాత అభిమానులలో కొందరు కదలలేదు. తన జనమును తానే రెండుగా చీల్చుకొన్నది.

మూడవది ‘ప్రిడిసెసర్’. మూతపడిన పారగాన్ బొమ్మలను ఎపిక్ సంస్థ 2018లో ఉచితముగా విడిచిపెట్టగా, ఒమెడా స్టూడియోస్ అనే సంస్థ వాటితో ఈ ఆటను నిర్మించి 2024 ఆగస్టులో పూర్తిగా విడుదల చేసినది. పడిపోయిన ఇంటి దూలములతో కొత్త ఇల్లు కట్టిన ఈ పట్టుదలను మెచ్చుకొనవలెను. కాని దూలములు దొరికినవి, జనము మరల దొరకవలసి ఉన్నది. పారగాన్ ఏ గండములో చిక్కినదో దానిని దాటుటకు అందము మాత్రమే చాలదు.

ఈ మూటిని ‘పోకెమాన్ యునైట్’ పక్కన నిలిపి చూడుడు. 2021లో వచ్చిన ఈ ఆట సెల్‌ఫోనుపై ఆడవచ్చును. ఆట నిడివి పది నిమిషములు. మన లెక్కలోని 50 మందే ఈ ఆట ఆడితే, నిమిషానికి ఐదుగురు తిరిగి వస్తారు, పదిమంది రెండే నిమిషములలో పోగవుతారు. నిడివిని నాలుగో వంతు చేసిన నిరీక్షణయు నాలుగో వంతగును. పాత్రల వస్తువులకు డబ్బుతో బలము పెంచుకొనే వీలు మొదట్లో ఉంచుట దీనికి మచ్చ. ఐనను జనసమస్యను గణితముతో పరిష్కరించిన ఆట ఇది. కొత్త నిర్మాతలు దీని నుండి నేర్చుకొనినట్లు కనబడదు.

యంత్రమే తోడుగా

ఇంకొక మార్గము కూడ ఉన్నది. 2019 ఏప్రిల్‌లో ఓపెన్‌ఏఐ సంస్థవారి యంత్రబుద్ధి ‘ఓపెన్‌ఏఐ ఫైవ్’, డోటా 2లో అంతకు ముందు ఏడాది ప్రపంచ విజేత అయిన ‘ఓజీ’ జట్టును ఓడించినది. తరువాత ప్రజలతో ఆడిన ఏడు వేలకు పైగా పోటీలలో నూటికి 99కి పైగా గెలిచినది. అందరు మెచ్చినది ఆ గెలుపును. నాకు ముఖ్యమనిపించినది వేరు. అదే యంత్రము మనుషులతో కలసి ఒకే జట్టుగా కూడ ఆడినది. ఖాళీ స్థానములో కూర్చొని, కొత్తవానికి ఓపికగా దారి చూపే యంత్రమిత్రుని తయారుచేసిన ఆట, జనము కొరతను తట్టుకొనగలదు. బొమ్మలకు పెట్టే ఖర్చులో కొంత దీనికి పెట్టవలెను.

మన విద్యార్థులకు

జనముతో ముడిపడిన దేదైనను ఒక్కరాత్రిలో మారవచ్చును. ఫోనుపై ఎందరో ఆడిన ‘మొబైల్ లెజెండ్స్’ను 2020 జూన్ 29న కేంద్ర ప్రభుత్వము నిషేధించిన 59 యాప్‌లలో చేర్చినది. డోటా 2 ప్రపంచ పోటీ బహుమతి 2021లో 4 కోట్ల డాలర్లు దాటినది. ఆటగాళ్లు కొనే వస్తువుల ధరలో కొంత అందులో చేరుతూ వచ్చినందున అంత పెరిగినది. ఆ ఏర్పాటు మారిన 2023లో 40 లక్షల డాలర్లకు లోపే ఉన్నది. ఈ అంకెలు చూచి చదువు మానదలచిన కుర్రవాడు రెండవ అంకెను కూడ చదువవలెను. 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టము పందెము కాచే ఆటలను నిషేధించి, ఈ-స్పోర్ట్స్‌ను వేరుగా గుర్తించినది. ఈ తేడా తల్లిదండ్రులకు తెలియుట మంచిది.

ఇక నా తీర్పు. డెడ్‌లాక్ తప్పక చూడదగినది. స్మైట్ 2 వేచి చూడదగినది. ప్రిడిసెసర్ సానుభూతితో చూడదగినది. అయితే నా మాటపైన కంటె మీ కొలతపైన ఆధారపడుట మేలు. కొత్త ఆట ఏది వచ్చినను పది ఆటలు ఆడి, ప్రతి దానికి మూడు అంకెలు కాగితముపై వ్రాయుడు: ఎన్ని నిమిషములు వేచితిమి, ఆట ఎన్ని నిమిషములు నడిచినది, సంకేతము పోయిరావడానికి ఎన్ని మిల్లీసెకన్లు పట్టినది. ఆడిన కాలములో ఐదో వంతుకు మించి వేచుటకే పోయినదా, ఆ ఆట ఎంత అందమైనదైనను మీ సాయంకాలమునకు తగినది కాదు. పుస్తకము తెరచుటకో, మైదానములో కబడ్డీ కూతకో ఆ నిమిషములు పనికివచ్చును.