పాత్ర పేరు, పాత్ర పని: రసాయన పరిశ్రమ గురించిన తెలుగు రచనపై ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం

రసాయన పరిశ్రమలో వాడే పాత్రల రూపకల్పన, పరిమాణ నిర్ణయం గురించి తెలుగులో రాసేటప్పుడు ఎంచుకునే మాటలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. విశాఖపట్నం (2020), అచ్యుతాపురం (2024) ప్రమాదాలను చెప్పుకున్న తీరును ఆధారంగా తీసుకొని, పాత్ర చేసే పనిని మరుగుపరచే పదం ప్రమాద కారణాన్నీ మరుగుపరుస్తుందని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: సాంకేతిక తెలుగు, పాత్ర, పరిమాణం, స్టైరీన్, పారిభాషిక పదం, విశాఖపట్నం.

1. ప్రవేశిక

తెలుగులో పాత్రల పేర్లకు కొరత లేదు. కాగు, బాన, గంగాళం, కొప్పెర, తొట్టి, జాడీ, కూజా, గాదె అనేవి పర్యాయపదాలు కావు. అనకాపల్లి ప్రాంతంలో చెరకు రసం కాచే బెల్లం పెనం వెడల్పుగా, లోతు తక్కువగా ఉంటుంది. నీరు త్వరగా ఆవిరి కావాలంటే ఉపరితలం ఎక్కువగా ఉండాలి. మట్టి కూజా గోడ చెమరుస్తుంది. ఆ చెమ్మ ఆవిరవుతూ లోపలి నీటిని చల్లబరుస్తుంది. ఊరగాయ జాడీ గోడ పులుపునూ ఉప్పునూ తట్టుకోవాలి, పైన నూనె తేలి గాలిని ఆపాలి. పేరు వినగానే ఆకారం, ఆకారంతోపాటు పని స్ఫురించడం ఈ పదజాలపు గుణం.

రసాయన ఇంజినీరు వేసుకునే ప్రశ్నలూ ఇవే. ఏమి పోస్తాము, ఎంతసేపు ఉంచుతాము, వేడి ఎటు పోతుంది, గోడ దేనిని తట్టుకోవాలి? అయితే ఆధునిక పరిశ్రమ గురించి రాసేటప్పుడు మన రచన తరచుగా ఒకటి రెండు మాటలతో సరిపెట్టుకుంటుంది. నిల్వ చేసేదీ, వేరుచేసేదీ, చర్య జరిపించేదీ అన్నీ ‘ట్యాంకు’ అవుతాయి. అనువాదంలోనైతే అన్నీ ‘పాత్ర’ అవుతాయి. ‘ట్యాంకు’ ఆంగ్లపదం కావడం మీద ఈ వ్యాసానికి అభ్యంతరం లేదు. అన్నింటికీ అదొక్కటే కావడం మీదనే అభ్యంతరం.

2. పరిమాణ నిర్ణయంలోని అంశాలు

‘ఎన్ని లీటర్లు పడుతుంది’ అన్నది పరిమాణానికి చివరి జవాబు మాత్రమే. దాని వెనుక మొదట ఉండేది కాలం. ప్రవాహాన్ని నిలవవలసిన కాలంతో గుణిస్తే ఘనపరిమాణం వస్తుంది. వేసవిలో ట్యాంకరు నీటితో గడిపే మణికొండ అపార్టుమెంటువాసులకు ఈ లెక్క కొత్తది కాదు. రోజుకు 50,000 లీటర్లు వాడే సముదాయానికి 12 గంటలకొకసారి మాత్రమే నీరు వస్తే, సంపు కనీసం 25,000 లీటర్లు పట్టాలి; ఆలస్యానికి మరికొంత జోడించాలి. ఇంజినీరు దీనినే నిలుపుదల కాలంగా లెక్కిస్తాడు.

రెండవది వేగం. ద్రవాన్ని, ఆవిరిని వేరుచేసే పాత్రలో ఆవిరి వేగం హద్దు మీరితే అది ద్రవబిందువులను వెంట తీసుకుపోతుంది. ఆ హద్దును అంచనా వేసే సూత్రాన్ని మోట్ సౌడర్స్, జార్జ్ గ్రేంజర్ బ్రౌన్ 1934లో ప్రకటించారు. పాత్ర అడ్డుకొలతను నిర్ణయించడంలో అది నేటికీ ఉపకరిస్తోంది.

మూడవది వేడి. పాత్ర కొలతలన్నీ రెండింతలు చేస్తే ఉపరితలం 4 రెట్లు, ఘనపరిమాణం 8 రెట్లు అవుతుంది. చర్య వల్ల వేడి ద్రవమంతటా పుడుతుంది. బయటి ఏర్పాటు లేకపోతే అది పోయేది గోడల గుండానే. అందుచేత సీసాలో నిశ్చలంగా ఉండే ద్రవం పెద్ద ట్యాంకులోనూ అలాగే ఉంటుందని భావించడానికి వీలులేదు. పీడనాన్ని తట్టుకునే పాత్రల గోడ మందానికి 1969 నాటి ఐఎస్ 2825 వంటి ప్రమాణాలు ఉన్నాయి. అయితే మందమైన గోడ లోపలి వేడిని తగ్గించదు.

3. విశాఖపట్నం: ‘లీకు’ అనే మాట

2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్జీ పాలిమర్స్ కర్మాగారం నుంచి స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మంది మరణించారు. ఈ దుర్ఘటన తెలుగులో ‘గ్యాస్ లీకు’గా స్థిరపడింది. లీకు అనగానే తుప్పు పట్టిన గొట్టమో, వదులైన వాల్వో మనసులో మెదులుతుంది. రంధ్రం మూస్తే సమస్య తీరుతుందన్న అర్థం ఆ మాటలోనే ఇమిడి ఉంది.

జరిగినది వేరు. స్టైరీన్ అణువులు తమంతట తాము గొలుసులుగా కలుస్తాయి. ఆ కలయిక వేడిని విడుదల చేస్తుంది. వేడి పెరిగినకొద్దీ కలయిక మరింత వేగవంతమవుతుంది. దానిని అదుపులో ఉంచడానికి టీబీసీ అనే నిరోధకాన్ని కలుపుతారు. అది పనిచేయాలంటే ద్రవంలో కరిగిన ఆక్సిజన్ ఉండాలి. లాక్‌డౌన్ కాలంలో ద్రవం ఎం6 ట్యాంకులో వారాల తరబడి కదలిక లేకుండా ఉండిపోయింది. స్టైరీన్ మరిగే ఉష్ణోగ్రత సుమారు 145 డిగ్రీల సెల్సియస్. నిల్వ ట్యాంకులో అంత వేడిని ఎవరూ ఊహించరు. ఆ రాత్రి ట్యాంకు తన పేరుకు భిన్నంగా చర్యాపాత్రగా మారింది.

నీరభ్ కుమార్ ప్రసాద్ అధ్యక్షతన రాష్ట్ర ప్రభుత్వం నియమించిన ఉన్నతస్థాయి కమిటీ 2020 జూలైలో ఇచ్చిన నివేదిక ఈ విషయాన్నే చెబుతుంది. ట్యాంకు రూపకల్పనలో లోపం, చాలని శీతలీకరణ, ద్రవాన్ని తిప్పి కలిపే ఏర్పాటు లేకపోవడం, కొలతల లోపం ఆ నివేదిక గుర్తించిన కారణాలలో ఉన్నాయి. ఉష్ణోగ్రత కొలిచే సాధనం ట్యాంకు అడుగున మాత్రమే ఉండటంతో పైభాగపు వేడి కనిపించలేదు. ‘లీకు’ అనే ఒక్క మాట ఈ కారణాలన్నింటినీ పక్కకు నెట్టింది.

4. అచ్యుతాపురం: తారుమారైన పేరు

2024 ఆగస్టు 21న అనకాపల్లి జిల్లా అచ్యుతాపురం సెజ్‌లోని ఎసెన్షియా సంస్థలో ప్రమాదం జరిగి 17 మంది మరణించారు. తొలి వార్తలలో అది ‘రియాక్టర్ పేలుడు’. తరువాత అధికారులు వివరించినది వేరు: ద్రావణి కారి, దాని ఆవిరి వ్యాపించి అంటుకుంది. విశాఖలో ట్యాంకులో చర్య జరిగితే లీకు అన్నాము. ఇక్కడ లీకు జరిగితే రియాక్టర్ అన్నాము. మొదటి పేరు రూపకల్పనను ప్రశ్న నుంచి తప్పించింది. రెండవది ద్రవాన్ని ఒకచోటి నుంచి మరొకచోటికి తరలించే పద్ధతిని తప్పించింది.

5. ఒక ఆక్షేపణ

తొలి గంటలలో రాసే విలేకరికి ఇంత సూక్ష్మత సాధ్యమా అన్న ఆక్షేపణ సమంజసమే. కారణం తెలియని వేళ ‘ఆవిరి వెలువడింది’ అంటే చాలు. కారణాన్ని ఊహించే మాట అక్కరలేదు. నివేదిక వచ్చిన తరువాత కూడా, సంవత్సరాల అనంతరం రాసే వ్యాసాలలోనూ తొలిరోజు మాటే కొనసాగితే ఆ బాధ్యత విలేకరిది కాదు, మనది.

సంస్కృత సమాసాలతో కొత్త పదాలు కల్పించడం కూడా పరిష్కారం కాదు. కర్మాగారంలో కార్మికులు రియాక్టర్ అనే అంటారు, అది అర్థమవుతుంది. నిల్వ ట్యాంకు, చర్యాపాత్ర, వేరుచేసే పాత్ర అని పనిని జోడించి రాస్తే చాలు. పారిభాషిక పదకోశంలో ప్రతి పాత్రకు సమానార్థకంతోపాటు అది చేసే పని, దానికి ఉండే ముప్పు ఒక వాక్యంలో ఉండాలి.

6. ముగింపు

బెల్లం పెనాన్ని జాడీ అని ఏ తెలుగువాడూ అనడు. అంటే వంట చెడుతుంది. కర్మాగారపు పాత్రల విషయంలో ఆ పట్టింపును మనం వదులుకున్నాము. వెంకటాపురంవంటి ఊళ్లవారికి ప్రహరీ అవతల ఉన్నది ఏ పాత్రో, అందులోని ద్రవం కదలకుండా ఉంటే ఏమవుతుందో తమ భాషలో తెలియవలసి ఉంది. ఆ మాటలను సమకూర్చే పని ఇంజినీర్లకు ఎంతో, తెలుగు శాఖలకూ అంతే.