అమ్మ నేర్పే భయభక్తులు

దేవుని ఎదుట మనిషి ఎలా ఉండాలో చెప్పడానికి తెలుగు బైబిలు వాడే మాట ‘భయభక్తులు’. హీబ్రూ మూలంలో ఉన్నది ఒకటే పదం, ‘యిర్‌ఆ’. భయమన్నా అదే, గౌరవంతో తల వంచడమన్నా అదే. తెలుగువారు ఆ రెండర్థాలనూ ఒక జంటపదంలో నిలుపుకున్నారు. వట్టి భయమైతే బిడ్డ దూరం జరుగుతాడు, వట్టి చనువైతే లెక్కలేనితనం వస్తుంది. ఈ రెంటి నడుమ బిడ్డను నిలబెట్టడమే క్రైస్తవ మాతృత్వం తన పనిగా ఎంచుకున్నది. సామెతల గ్రంథం మొదటి అధ్యాయం 7వ వచనం తెలివికి మొదలు ఈ భయభక్తులేనని చెబుతుంది. ఆ వెంటనే వచ్చే 8వ వచనం తండ్రి ఉపదేశంతో పాటు తల్లి బోధనూ తోసివేయవద్దంటుంది. అక్కడ తల్లి బోధకు వాడిన హీబ్రూ మాట ‘తోరా’. మోషే ధర్మశాస్త్రానికీ అదే పేరు. పొయ్యి దగ్గర కూర్చుని అమ్మ చెప్పే మాటకు అంతటి పేరు పెట్టడం చిన్న సంగతి కాదు.

భయభక్తులంటే అణిగిమణిగి ఉండటమేననుకుంటే పొరపాటు. హెబ్రీ స్త్రీలకు మగబిడ్డ పుట్టగానే చంపేయమని ఐగుప్తు రాజు మంత్రసానులకు ఆజ్ఞ ఇచ్చాడు. షిఫ్రా, పూయా అనే ఇద్దరు మంత్రసానులు దేవునికి భయపడ్డారు గనుకనే రాజుకు భయపడలేదని నిర్గమకాండం మొదటి అధ్యాయం చెబుతుంది. పురిటింట్లో బిడ్డ ప్రాణం నిలిపింది ఆ భయమే.

తల్లుల ప్రార్థన ఎలా ఉంటుందో దగ్గరగా చూడాలంటే హన్నా దగ్గరికి వెళ్లాలి. షిలోహులోని మందిరంలో బిడ్డ కోసం ప్రార్థిస్తుంటే ఆమె పెదవులు కదిలాయి కానీ గొంతు బయటికి రాలేదు. యాజకుడు ఏలీ ఆమె తాగి ఉందనుకున్నాడు. ఎవరూ వినని ప్రార్థన దేవునికి వినబడుతుందన్న నమ్మకం బైబిల్లో ఇంత స్పష్టంగా కనబడే చోట్లు తక్కువ. కొడుకు సమూయేలు పుట్టాక, పాలు మానిన తర్వాత ఆమె వాణ్ణి మందిరంలో అప్పగించింది. అక్కడితో కథ ముగియలేదు. ఏటేటా బలి అర్పించడానికి వచ్చేటప్పుడు వాడికి ఒక చిన్న అంగీ కుట్టి తెచ్చేది. ఏడాదికి ఒక్కసారి కనబడే బిడ్డ ఎంత పెరిగి ఉంటాడో మనసులోనే కొలత వేసుకుని కుట్టి ఉండాలి. దేవునికి ఇచ్చేసిన బిడ్డ మీద తల్లి శ్రద్ధ తగ్గదని, ఆ శ్రద్ధే ఆరాధనలో భాగమని ఆ అంగీ చెబుతుంది. నేటికీ సంఘాల్లో పసిబిడ్డను ప్రతిష్ఠించేటప్పుడు హన్నా పేరు తలవని కాపరి అరుదు.

సామెతలు 31వ అధ్యాయం గురించి ఒక మాట చెప్పుకోవాలి. గుణవతియైన భార్యను వర్ణించే ఆ భాగాన్ని పెళ్లిళ్లలోనూ స్త్రీల కూడికల్లోనూ చదువుతారు. చాలాసార్లు దాన్ని కోడలికి ఉండవలసిన లక్షణాల పట్టికగా వాడుకుంటారు. ఆ వాడకం సరైంది కాదు. ఆ అధ్యాయం మొదటి వచనమే దాన్ని లెమూయేలు రాజుకు అతని తల్లి నేర్పిన ఉపదేశంగా పరిచయం చేస్తుంది. అంటే స్త్రీలో దేన్ని గౌరవించాలో ఒక అమ్మ తన కొడుక్కి నేర్పుతోంది. 10 నుంచి 31 వరకు ఉన్న 22 వచనాలూ హీబ్రూ వర్ణమాలలోని 22 అక్షరాలతో వరుసగా మొదలవుతాయి. అక్షరం పట్టుకుంటే వచనం గుర్తొస్తుంది. నోటికి నేర్పే కళ తెలిసినవారి అమరిక అది.

కొత్త నిబంధన కాలంలో ఈ నేర్పు తరాలు దాటడం పౌలు శిష్యుడు తిమోతి ఇంట కనబడుతుంది. అతని తండ్రి గ్రీకు దేశస్థుడు. విశ్వాసం వచ్చింది అమ్మమ్మ లోయి నుంచి అమ్మ యునీకేకు, ఆమె నుంచి అతనికి. తిమోతి పసితనం నుంచే లేఖనాలు ఎరిగినవాడని పౌలు రాశాడు.

అన్ని ఇళ్లలో ఫలితం అంత తొందరగా రాదు. ఉత్తర ఆఫ్రికాలోని తగాస్తె ఊరి మోనికా కొడుకు అగస్టీన్ క్రీ.శ. 354లో పుట్టాడు. చదువులో మేటి, కానీ మానీ మతంలో చేరి తొమ్మిదేళ్లు అక్కడే ఉండిపోయాడు. కొడుకుతో వాదించి ఒప్పించమని ఆమె ఒక బిషప్పును బతిమాలింది. వాదన వద్దు, ప్రార్థన మానవద్దు అన్నది ఆయన సలహా. చివరికి 387 ఈస్టరుకు మిలాన్‌లో అక్కడి బిషప్పు అంబ్రోస్ చేతుల మీదుగా అగస్టీన్ బాప్తిస్మం పొందాడు. అదే ఏడాది ఓస్తియా రేవులో మోనికా కన్నుమూసింది. కొడుకుతో దేవుని గురించి చెప్పడం కంటే దేవునితో కొడుకు గురించి చెప్పడమే ఎక్కువ చేసిన తల్లిగా ఆమెను సంఘం గుర్తుపెట్టుకుంది.

ఇంగ్లండులో సూసన్నా వెస్లీది ఇంకో పద్ధతి. ఆమెకు పుట్టింది 19 మంది, పసితనంలో పోయినవారు పోగా మిగిలినవారితోనే ఇల్లు నిండిపోయింది. పిల్లలకు మాట రాగానే పరలోక ప్రార్థన నేర్పేది, నిద్ర లేచాక ఒకసారి, పడుకోబోయే ముందు ఒకసారి చెప్పించేది. వారంలో ఒక్కో సాయంత్రం ఒక్కో బిడ్డతో విడిగా కూర్చునేది. గురువారం జాన్‌ది. మెథడిస్టు ఉద్యమాన్ని నడిపించిన జాన్ వెస్లీ ముప్పై ఏళ్లు వచ్చే ముందు కూడా, తనకు ఆ గురువారం సాయంత్రం కొంచెం మిగల్చమని తల్లికి రాశాడు. పదిమందికి కలిపి చెప్పే బోధ చెవిన పడుతుంది. ఒక్కడితో కూర్చుని అడిగితేనే వాడి మనసులోది బయటికి వస్తుంది. ఆమె పద్ధతులన్నింటిలో ఇదే ఎక్కువ విలువైనదనిపిస్తుంది.

తెలుగు నేల మీద ఈ సంప్రదాయం చదువురాని తల్లుల చేతుల్లో రూపుదిద్దుకుంది. ఒంగోలు ప్రాంతంలో 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి వద్ద ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో ఎక్కువమంది బడి గడప తొక్కనివ్వని కులాల వారు. వాళ్ల ఇళ్లలో అమ్మ బైబిలు తెరిచి చదివి వినిపించే వీలు లేదు. ఆ లోటు తీర్చింది పాట. పురుషోత్తమ చౌదరి (1803–1890) వంటివారు రాగతాళాలతో కట్టిన కీర్తనలు నాట్లు వేస్తూ, తిరగలి తిప్పుతూ, బిడ్డను జోకొడుతూ పాడుకోవడానికి వీలుగా ఉండేవి. అక్షరం రాని తల్లి సిలువ కథను పల్లవి, చరణాలుగా బిడ్డకు అప్పగించింది. బైబిలు స్త్రీలు ఇల్లిల్లూ తిరిగి చెప్పిన వాక్యాన్ని కంఠతా పట్టి, రాత్రికి పిల్లల చేత పలికించింది.

ఇప్పటికీ కుటుంబ ప్రార్థనకు చాలా ఇళ్లలో ఆ వరుసే ఉంది. అన్నాలు కాగానే చాప పరుస్తారు. అమ్మ కొంగు తల మీదికి లాక్కుని పాట ఎత్తుకుంటుంది. అక్షరాలు కూడబలుక్కునే బిడ్డ చేతికే బైబిలు ఇస్తారు, తప్పు చదివితే అమ్మ మెల్లగా సరిదిద్దుతుంది. తర్వాత కంఠత వాక్యం. చివర అందరూ మోకాళ్లూనుతారు. ఆ ప్రార్థనలో జ్వరం తగ్గని పక్కింటి పాప ఉంటుంది, రేపటి పరీక్ష ఉంటుంది, తీరని అప్పు ఉంటుంది. ఇంటి కష్టం అమ్మ ఎవరి ముందు పెడుతోందో బిడ్డ చెవులారా వింటాడు. నాయనమ్మ ప్రార్థన సాగి సాగి చిన్నవాడు అక్కడే నిద్రపోవడమూ మామూలే, దానికి ఎవరూ కోప్పడరు.

చాలా సంఘాల్లో పిడికెడు బియ్యం ఆనవాయితీ కూడా ఉంది. ఎసట్లో పోయబోయే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తారు. ఆదివారం దాన్ని గుడికి తీసుకెళతారు. మిజోరంలో ఇదే పద్ధతి 1910లో మొదలై అక్కడి సంఘాల పెద్ద ఆదాయాల్లో ఒకటైంది. ఇంట్లో బియ్యం నిండుగా ఉన్న రోజూ అమ్మ పిడికెడు తీస్తుంది, అడుగంటిన రోజూ తీస్తుంది. పక్కనే ఆడుకునే బిడ్డ ఆ రెండు రోజుల్నీ చూస్తాడు.

ఈ సంప్రదాయానికి చీడ పట్టే చోటు ఒకటుంది. అన్నం తినకపోతే, అల్లరి చేస్తే దేవుడు కళ్లు పోగొడతాడని బెదిరించడం భయభక్తులు కాదు. పెద్దల పని తేలిక చేసుకోవడానికి దేవుణ్ణి పోలీసుగా నిలబెట్టడమే అది. అలా పెరిగిన బిడ్డ వయసు రాగానే భయాన్నీ భక్తినీ కలిపి వదిలేస్తాడు. తాను తప్పు చేసినప్పుడు పిల్లల ఎదుటే ఒప్పుకుని క్షమాపణ అడిగే తల్లి ఇంట్లో ఆ ప్రమాదం తక్కువ. అమ్మ కూడా ఒకరికి జవాబు చెప్పుకోవాలని బిడ్డకు అప్పుడు అర్థమవుతుంది.

ఈ బరువంతా తల్లి ఒక్కతే మోయాలని లేఖనం ఎక్కడా చెప్పలేదు. పిల్లలను ప్రభువు శిక్షణలో పెంచమన్న ఆజ్ఞ ఎఫెసీయులకు రాసిన పత్రిక 6వ అధ్యాయంలో ఉంది, అది పేరు పెట్టి పిలిచింది తండ్రులనే. రాత్రి చాప పరిచే వేళకు నాన్న కూడా టీవీ ఆపి వచ్చి కూర్చోవాలి.