నక్షత్ర సీమలో ఊళ్లు, కక్షలు

కడప జిల్లా రాజుపాలెం చుట్టుపట్ల ఊళ్లు అక్కడనే ఎందుకు వెలసినవో తెలిసికొనుటకు పెద్ద గ్రంథములు తిరుగవేయ నక్కరలేదు. ఒకవంక కుందూ నది, మరొకవంక తేమను పట్టియుంచు నల్లరేగడి. వానలు వెలిసిన పిమ్మట ఆ తేమతోనే శనగ పండును. నీరున్న చోట ఊరు నిలుచును. నీరు చాలని చోట తగవు పుట్టును. కాలువ ఎగువనున్న రైతుకును, చివరి మడి రైతుకును న్యాయము ఒక్క తీరుగా కనబడదు.

మానవుడు ఇతర గ్రహములపై కాపురము పెట్టిన యెడల ఈ సూత్రము మారునా? ఈ ప్రశ్నను మన ముందుంచు కంప్యూటరు ఆట ఒకటి కలదు. దాని పేరు 'ఎలైట్ డేంజరస్'. ఇంగ్లండులోని కేంబ్రిడ్జికి చెందిన ఫ్రాంటియర్ డెవలప్‌మెంట్స్ సంస్థ దీనిని 2014 డిసెంబరులో విడుదల చేసినది. 1984లో డేవిడ్ బ్రేబెన్, ఇయాన్ బెల్ రూపొందించిన 'ఎలైట్' దీనికి మాతృక.

ఖగోళ విషయములో ఈ ఆట మెచ్చదగినది. పాలపుంతను నిజ పరిమాణములోనే నిర్మించి, సుమారు 40,000 కోట్ల నక్షత్ర వ్యవస్థలను అందు అమర్చినారు. తెలిసిన నక్షత్రములను వాటి చోట నుంచి, తక్కినవాటిని గణితముతో నింపినారు. అంతరిక్ష కేంద్రములు గిరగిర తిరుగుచుండును. తాడు కట్టి త్రిప్పిన చెంబులో నీరు ఒలకకుండుటకు కారణమైన సూత్రమే ఇచ్చట పనిచేయును. సుమారు 225 మీటర్ల వ్యాసార్ధము గల చక్రము నిమిషమునకు 2 చుట్లు తిరిగిన చాలును, దాని అంచున నిలిచినవానికి భూమిమీది బరువే తోచును. కాంతిని మించు నౌకలు కథకు వలసిన కల్పనయే కనుక తప్పు పట్టనక్కరలేదు.

లోపము మరొకచోట నున్నది. జనావాసమున్న వ్యవస్థలో సాధారణముగా పలు వర్గములుండును. ఒక్కొక్కదానికి పలుకుబడి శాతము కలదు. అన్నియు కలిపి 100. ఆటగాడు ఒక వర్గము పని చక్కబెట్టిన దాని శాతము పెరుగును, ఇతరులది తరుగును. రెండింటి శాతములు సమానమైనచో యుద్ధమో, ఎన్నికయో వచ్చి 7 దినములలోపల ముగియును. కరవు, క్షామము ఇందు లేకపోలేదు. నీరును అంగడి సరుకే. కాని కక్షకు మూలము కొరత కాదు, అంకెల సమత్వము. వారములో చల్లారు కక్షను రాయలసీమ పాఠకుడు నమ్మునా? అచ్చట కక్ష తండ్రినుండి కొడుకునకు సంక్రమించినది, ఇండ్లు పాడుపెట్టినది.

ఇది కేవలము ఆటలోని మాట కాదు. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రములో మనిషికి దినమునకు సుమారు 4 లీటర్ల నీరు కావలెను. చెమటను, మూత్రమును, ఊపిరి తేమను శుద్ధిచేసి నూటికి 98 వంతులు తిరిగి రాబట్టగలిగినట్లు నాసా 2023లో ప్రకటించినది. శ్రీహరికోటనుండి 2008లో వెడలిన చంద్రయాన్-1 వలన చంద్రునిపై నీటి జాడలు 2009లో వెల్లడియైనవి. ధ్రువముల వద్ద ఎండ సోకని గుంటలలో మంచు కలదనుటకు ఆధారములున్నవి. 2020 నాటి ఆర్టెమిస్ ఒప్పందములకు కట్టుబడిన దేశములు ఒక పక్షము. భారతదేశము 2023లో ఇందు చేరినది. 2021లో చంద్రునిపై కేంద్రము నెలకొల్పుటకు యోచన ప్రకటించిన చైనా, రష్యాలు మరొక పక్షము. ఉభయుల చూపును దక్షిణ ధ్రువము వైపే. 1967 నాటి అంతరిక్ష ఒడంబడిక చంద్రుని ఏ దేశమును తనదనరాదన్నది. త్రవ్విన మంచు ఎవరిదను ప్రశ్నకు మాత్రము అందు సూటి జవాబు లేదు.

ఈ ఆట ఆడు యువకుడు నక్షత్రముల దూరములు, చక్రకేంద్రపు బరువు తెలిసికొనును. అది గొప్ప మేలే. కాని ఊరు ఎట్లు నిలుచునో, ఎందుకు చీలునో తెలిసికొనడు. నీటి వంతులు ముందుగా ఏర్పరచుకొనుట కాలువ క్రింది రైతు ఎరిగిన విద్య. నక్షత్రములను లెక్కించిన శ్రద్ధలో కొంత ఆ వంతుల మీద చూపియుండిన, ఈ ఆట వినోదముతోపాటు రాబోవు తరమునకు పాఠమును అయియుండెడిది.