ఎట్లా ఆగింది?

తల్లాడ దగ్గర ఖమ్మం–సత్తుపల్లి రోడ్డు నుంచి కొత్తగూడెం రోడ్డు చీలుతుంది. ఇటు సాగర్ ఎడమ కాలువ కింద వరి మళ్లు. అటు ఏన్కూరు, జూలూరుపాడు మీదుగా పోతే అడవి అంచున పత్తి, మిర్చి చేలు. దమ్ముల రోజుల్లో ఈ చుట్టుపక్కల ట్రాక్టరుకు తీరిక దొరకదు. వంతుల ప్రకారం వచ్చే వారబందీ నీళ్లు మడిలో ఉన్నప్పుడే దున్నుకోవాలి. సరిగ్గా ఆ రోజునే బండి మొరాయిస్తుంది.

"అన్నా, స్టార్టవట్లేదు" అని ఫోన్ వస్తే, పనితనం ఉన్న మెకానిక్ పానాల సంచీ కోసం వెతకడు. ముందు ఒక మాట అడుగుతాడు: "నిన్న ఎట్లా ఆగింది?"

సగం రోగం ఆ జవాబులోనే తేలుతుంది. దగ్గి దగ్గి, ఊగిసలాడి ఆగిందంటే డీజిల్ అందలేదు, లేదా లైనులో గాలి చేరింది. రాత్రి మనమే శుభ్రంగా ఆపుకున్నాం, పొద్దున లేవలేదంటే అనుమానం బ్యాటరీ మీదికి, లేదా రాత్రంతా డీజిల్ వెనక్కి జారిపోయిన పైపు మీదికి పోతుంది. పొద్దున బాగానే లేచి, ఎండలో పనిచేసి ఆపాక మళ్లీ లేవకపోతే పంపు అరిగిందేమో చూడాలి. వేడికి పల్చబడిన డీజిల్ అరిగిన సందుల్లోంచి జారిపోయి ఒత్తిడి నిలవదు. కొన్ని రకాల పంపుల మీద తడి గోనెపట్టా కప్పి చల్లార్చితే బండి లేస్తుంది. అది వైద్యం కాదు, రోగం ఇదీ అని తేల్చే పరీక్ష.

డీజిల్ ఇంజనుకు స్పార్క్ ప్లగ్గు ఉండదు. పీల్చుకున్న గాలిని పిస్టను సుమారు పదిహేడో వంతుకు నొక్కేస్తుంది. సైకిల్ పంపు కొడుతుంటే దాని గొట్టం వేడెక్కినట్టే ఈ గాలీ వేడెక్కుతుంది, కాకపోతే ఇక్కడ వేడి 500 డిగ్రీలు దాటుతుంది. అందులోకి డీజిల్‌ను పొగమంచులా చిమ్మితే చాలు, దానంతట అదే అంటుకుంటుంది. రుడాల్ఫ్ డీజిల్ 1892లో పేటెంటుకు అర్జీ పెట్టింది, 1897 నాటికి నడిపి చూపించింది ఈ ఇంజనునే. డీజిల్‌ను చిమ్మే పంపును బాష్ కంపెనీ 1927లో పెద్ద ఎత్తున తయారు చేయడం మొదలుపెట్టింది. మన దేశంలో ఆ పని 1951లో బెంగళూరులో పుట్టిన మైకో చేసింది. 2008లో కంపెనీ పేరు బాష్‌గా మారినా, షెడ్డులో మాత్రం అది మైకో పంపే.

కాబట్టి చూడాల్సినవి రెండే: ఇంజను తగినంత జోరుగా తిరుగుతోందా, సిలిండర్‌లోకి చిమ్మే నాజిల్ దాకా డీజిల్ చేరుతోందా.

మొదటిదానికి హెడ్‌లైటే మీటరు. లైటు వేసి సెల్ఫ్ కొట్టాలి. లైటు చచ్చిపోయినంత పని అయితే బ్యాటరీ దిగిపోయింది, లేదా టెర్మినళ్లు పట్టులేకుండా ఉన్నాయి. లైటు మామూలుగానే వెలుగుతూ సెల్ఫ్ కదలకపోతే కరెంటు అక్కడికి పోవడం లేదన్నమాట. అప్పుడు సెల్ఫ్ స్విచ్చి, వైర్లు, గేరు న్యూట్రల్లో ఉందా, క్లచ్ పూర్తిగా తొక్కారా అన్నవి చూసుకోవాలి. కాసేపు సెల్ఫ్ కొట్టి టెర్మినళ్లను చేత్తో తాకితే, వేడెక్కినది దోషి. దాని మీది తెల్లటి, పచ్చటి ఉప్పును వేడినీళ్లతో కడిగి, గీకి బిగించి, పైన గ్రీజు రాస్తే అక్కడికి అయిపోతుంది. కొత్త బ్యాటరీ కొనిపించిన చోట్ల చాలాసార్లు కావలసింది ఒక చెంబెడు వేడినీళ్లే. (అది కడిగేటప్పుడు నోట్లో బీడీ వద్దు. బ్యాటరీ నుంచి వచ్చే హైడ్రోజన్ అంటుకుంటుంది.)

ఇంజను బాగా తిరుగుతోంది, బండి మాత్రం లేవడం లేదంటే సైలెన్సర్ వైపు చూడాలి. పొగే లేకపోతే సిలిండర్లలోకి డీజిల్ పోవడం లేదు. తెల్ల పొగ వస్తుంటే డీజిల్ పోతోంది కానీ మండడం లేదు. ఈ రెండోది కంప్రెషన్ తగ్గడమో, టైమింగ్ తప్పడమో, నాజిల్ కారడమో కావచ్చు, అది షెడ్డు పని. మొదటిది మాత్రం చేలోనే తేలుతుంది. ముందు సిగ్గుపడాల్సిన కారణాలు చూసుకోవాలి: స్టాప్ కేబుల్ లాగే ఉందా, ట్యాంకు కింద కాక్ మూసి ఉందా, అసలు ట్యాంకులో డీజిల్ ఉందా. ఈ మూడింటి కోసం మెకానిక్‌ను పిలిపించుకున్నవాళ్లు పైకి చెప్పుకోరు.

ఇవన్నీ సరిగ్గా ఉంటే, చాలాసార్లు గాలి పట్టిందన్నమాట. ఈ పనితనంలో అసలు అందం ఇక్కడే ఉంది. నాజిల్ సూది లేవాలంటే సుమారు 200 బార్ ఒత్తిడి కావాలి. డీజిల్ నొక్కితే నలగదు, అందుకే ఒత్తిడి నేరుగా సూదికి చేరుతుంది. మధ్యలో ఒక్క బుడగ ఉన్నా పంపు కొట్టిన దెబ్బంతా దాన్ని నలపడానికే సరిపోతుంది, సూది కదలదు. ఆ గాలిని ట్యాంకు వైపు నుంచి వరుసగా తరుముకుంటూ రావాలి. మొదట ఫిల్టర్ మీది స్క్రూ వదులు చేసి ట్యాంకు నుంచి డీజిల్ లాగే ఫీడ్ పంపును చేత్తో కొడుతూ ఉండాలి. నురుగు, తర్వాత బుడగలు, ఆ తర్వాత తెగని ధార వస్తాయి. ధార కారుతుండగానే బిగించాలి, ఆగాక బిగిస్తే మళ్లీ గాలే. తర్వాత పంపు మీది స్క్రూ. చివరికి నాజిల్ పైపుల నట్లు కాస్త వదిలి, ఇంకొకరితో సెల్ఫ్ కొట్టిస్తే ఒక్కొక్క పైపూ చిమ్ముతుంది. బిగించాక పైపును రెండు వేళ్లతో పట్టుకుంటే డీజిల్ కొట్టుకోవడం తెలుస్తుంది. కొట్టుకోని పైపు ఏదో వేలికే తెలిసిపోతుంది.

గాలి తీశాక చాలామంది పని అయిందనుకుంటారు. గాలి ఎక్కడి నుంచి వచ్చిందో చూడనివాడిని నేను మెకానిక్ అనను. ఫీడ్ పంపు పీల్చే వైపు పైపులో సన్నటి చీలిక ఉంటే డీజిల్ బయటికి కారకపోవచ్చు, గాలి మాత్రం లోపలికి పోతుంది. కాబట్టి తడి మరక కోసం వెతికితే దొరకదు. ఎక్కువసార్లు తప్పు పైపు అతుకు దగ్గర గట్టిపడిన రాగి వాషర్‌ది. ఉక్కును ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే గట్టిపడుతుంది, రాగి మెత్తబడుతుంది. పాత వాషర్‌ను అలా కాల్చి ముంచి మళ్లీ వాడతారు. కొలిమి చదువు డీజిల్ షెడ్డులో పనికొచ్చే చోటు ఇది.

చల్లటి దేశాల పుస్తకాలు తిరగేస్తే సగం పేజీలు చలికే పోతాయి. మనకు ఆ బెంగ తక్కువ. మన శత్రువులు వేరు: ఎయిర్ ఫిల్టర్‌లో చేరే గడ్డి దూగర, ప్లాస్టిక్ క్యాన్లలో తెచ్చిన డీజిల్, అందులో వాననీళ్లు. నీళ్లు బరువు కాబట్టి ట్యాంకు అడుగున చేరతాయి. అందుకే వానాకాలంలో ఫిల్టర్ కింది స్క్రూ విప్పి, గాజు సీసాలో కాస్త పట్టి చూడటం పాత అలవాటు. రెండు పొరలు తేరితే జవాబు దొరికినట్టే.

చేయకూడనివీ ఈ విద్యలోనే ఉన్నాయి. పది సెకన్లకు మించి సెల్ఫ్ కొట్టకూడదు, కొట్టిన ప్రతిసారీ అర నిమిషం ఆగాలి. ఎయిర్ ఫిల్టర్ దగ్గర పెట్రోలు గుడ్డ పెట్టడం ఇంజనును బాదడమే. పెద్ద చక్రం ముందు నిలబడి స్క్రూడ్రైవర్‌తో సెల్ఫ్ టెర్మినళ్లు కలపడం ప్రాణం మీదికి తెస్తుంది. బండి గేరులో ఉంటే స్టార్టవుతూనే మీదికి వస్తుంది. నాజిల్ చిమ్మే చోట చెయ్యి అడ్డం పెడితే డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుంది. పైకి సూది గుచ్చినంతే కనిపించినా వెంటనే ఆసుపత్రికి పోవాలి.

2023 జనవరి నుంచి 50 హెచ్‌పీ దాటిన కొత్త ట్రాక్టర్లకు కొత్త ఉద్గార నిబంధనలు వచ్చాయి. వాటితో వచ్చిన కామన్ రైల్ ఇంజన్లలో ఒత్తిడి వెయ్యి బార్ దాటుతుంది. అక్కడ నట్టు వదిలి చూసే పాత పద్ధతి పనికిరాదు, చేస్తే ప్రమాదం. కంప్యూటర్ తగిలించి తప్పు చదవాలి. అయినా ఫిల్టర్‌లో నీళ్లు, టెర్మినల్ మీద ఉప్పు వాటికీ తప్పవు. చిన్న బండ్లు ఇంకా చాలావరకు పాత పంపు మీదే నడుస్తున్నాయి.

బండి లేచాక మంచి మెకానిక్ వెంటనే వెళ్లిపోడు. కాసేపు తిరగనిచ్చి, విప్పిన ప్రతి నట్టునూ పొడి వేలితో తడుముతాడు. ఆపించి, మళ్లీ స్టార్ట్ చేయిస్తాడు. డబ్బులు జేబులో పెట్టుకుంటూ, "రేపు పొద్దున ఒకసారి ఫోన్ చెయ్యి, స్టార్టయినా సరే" అంటాడు. పైపులోకి గాలి దూరడానికి ఒక రాత్రి పడుతుంది.