ఎడమకాలి పాఠం

పులికాట్ నీళ్ళు వెనక్కి తగ్గాక తడకు తూర్పున ఉప్పునేల తేలుతుంది. మా పిల్లకాయలకు అదే ఫుట్‌బాల్ మైదానం. మొన్న ఎండాకాలంలో వాళ్ళకొక షరతు పెట్టాను: కుడికాలితో తంతే ఫౌల్.

"ఎడంకాల్తో ఎట్టా సార్, అది దేనికీ పనికిరాదు గదా!" అన్నాడు అందరికంటే చురుకైనవాడు. పావుగంట సేపు నవ్వులే నవ్వులు, బంతి ఒక దిక్కు, కాలొక దిక్కు. అరగంటయ్యాక వాడే తలెత్తి చూసి, ఎడమ పాదం లోపలి అంచుతో మెత్తగా ఒక పాస్ ఇచ్చాడు. బంతి ఉప్పుపొర మీద సన్నటి గీత గీసుకుంటూ పోయి జోడీవాడి కాలి ముందర ఆగింది. హైదరాబాదు ఏ దిక్కునుందో చూసుకుని దండం పెట్టుకున్నాను.

ఆ షరతు హైదరాబాదు ఫుట్‌బాల్ గురువు సయ్యద్ అబ్దుల్ రహీమ్ సాబ్‌ది. బలహీనమైన కాలితోనే ఆడాల్సిన పోటీలు, డ్రిబ్లింగ్ నిషిద్ధమైన పోటీలు ఆయన పెట్టించేవాడు. డ్రిబ్లింగ్ లేదంటే బంతి కాలికి తగలకముందే తనవాడు ఎక్కడున్నాడో తెలిసుండాలి. బంతి లేనివాడు ఊరికే నిలబడితే ఆట ఆగిపోతుంది కాబట్టి పదకొండు మందీ కదలాల్సిందే. ఇంత చిన్న నియమంలో అంత ఆట దాగుంది!

ఉస్మానియాలో చదువుకునే రోజుల్లో రహీమ్ 'ఎలెవెన్ హంటర్స్' జట్టులో ఆడాడు. పాత విద్యార్థులూ కొత్త విద్యార్థులూ కలిసి కట్టిన ఆ జట్టే తర్వాత సిటీ కాలేజ్ ఓల్డ్ బాయ్స్ అయింది. ఆపైన ఆయన బడిపంతులు. 1950లో హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు చేతికొచ్చింది. ఇక చూడండి: 1950 నుంచి 1954 దాకా వరసగా 5 రోవర్స్ కప్పులు! కలకత్తావాళ్ళు మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ అంటూ గుండెలు బాదుకుంటారు గానీ, ఈ అయిదేళ్ళ మాటెత్తితే టీ చల్లారుతోందంటారు.

దేశం జట్టుకూ ఆయనే గురువు. 1952 హెల్సింకిలో మనవాళ్ళు చాలామంది వట్టికాళ్ళతో ఆడి యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తయ్యారు. ఆ తర్వాతే బూట్లు తప్పనిసరయ్యాయి. నాలుగేళ్ళకు మెల్‌బోర్న్‌లో మన జట్టే ఒలింపిక్ సెమీఫైనల్ ఆడింది! 1962 జకార్తా ఏషియాడ్ ఫైనల్లో తలకు కుట్లతో ఉన్న డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను ముందు వరసకు పంపాడు రహీమ్. జర్నైల్ ఒక గోలు కొట్టాడు. దక్షిణ కొరియాపై 2-1తో స్వర్ణం. అప్పటికే కాన్సర్ పట్టిన గురువు 1963 జూన్‌లో వెళ్ళిపోయాడు.

ఆ ఫైనల్లో ఆడిన తులసీదాస్ బలరామ్‌ది సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడ. ప్రాక్టీసుకు రావడానికి డబ్బుల్లేవంటే రహీమే అద్దె సైకిలుకు ఇచ్చాడని చెప్పుకుంటారు. 2023లో పోయేదాకా ఆ బలరామ్‌కు ఒక్క పద్మశ్రీ దక్కలేదు. తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

ఇప్పుడేముంది? గంటకింత అని టర్ఫులు, వీపు మీద మెస్సీ పేరు, ఫోన్లో రీలు. మా అన్న మనవణ్ణి మద్రాసులో ఒక శిబిరంలో చేర్చాం, పేరెందుకులెండి. వేలకు వేలు పోసినాక బంతిని మెడమీద నిలబెట్టడం నేర్చుకొచ్చాడు. పాస్ ఇవ్వరా అంటే "ఎవరికి తాతా?" అన్నాడు. హైదరాబాద్ ఎఫ్‌సీ 2022లో ఐఎస్ఎల్ గెలిస్తే మంచి రోజులొచ్చాయని లడ్లు పంచాను. ఆ క్లబ్బు కాస్తా 2025లో ఢిల్లీకి తరలిపోయింది.

సూళ్ళూరుపేట, నాయుడుపేట కాలేజీల పీఈటీ సార్లకు నా విన్నపం ఒకటే. ఏడాదికి ఒక్క రోజు ఎడమకాలి పోటీ పెట్టండి. గోలుపోస్టులకు సరుగుడు కొయ్యలు మా ఊరి నుంచి పంపిస్తాను. కప్పు కూడా నాదే.