సురభి కమలాబాయి నటజీవితం: 'తొలి కథానాయిక' గుర్తింపుపై పునఃపరిశీలన

వ్యాస సారాంశం

తొలి పూర్తి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'లో లీలావతి పాత్ర ధరించిన సురభి కమలాబాయి (1907-1971) చలనచిత్ర చరిత్రల్లో 'తొలి కథానాయిక'గా స్థిరపడ్డారు. ఈ గుర్తింపు ఆమె పేరును నిలిపింది గాని, ఆమె కళను మరుగుపరచింది. టాకీకి ముందే రంగస్థలంపై రూపొందిన ఆమె నటనా సంస్కారాన్ని కేంద్రంగా తీసుకొని ఆ గుర్తింపును పునఃపరిశీలించడం, స్త్రీపాత్రధారణ చరిత్రలో నటీమణుల స్థానాన్ని చర్చించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: సురభి నాటక సమాజం, స్త్రీపాత్రధారణ, తొలి టాకీలు, తూర్పు భాగవతం, మౌఖిక చరిత్ర.

1. ఉపోద్ఘాతం

1971లో తెలుగు రంగస్థలం ఇద్దరు ప్రసిద్ధ కళాకారులను కోల్పోయింది. ఒకరు స్థానం నరసింహారావు, మరొకరు సురభి కమలాబాయి. స్త్రీపాత్రలకు పర్యాయపదంగా నిలిచిన పురుషనటుడు స్థానం. ఆయనకు 1956లో పద్మశ్రీ లభించింది. తన పాత్రలను గురించి, వాటిని రూపుదిద్దుకున్న తీరును గురించి ఆయన 'నటస్థానం' అనే గ్రంథం రాసుకున్నారు. అందువల్ల స్థానం నటనపై విమర్శకు ఆధారం దొరుకుతుంది. కమలాబాయి విషయంలో మాత్రం చరిత్రకారులు తరచుగా ఒక చిత్రం పేరు, ఒక పాత్ర పేరు, 'తొలి' అనే విశేషణంతో సరిపెట్టారు. పురుషుడు స్త్రీగా నటిస్తే అది కళగానూ, స్త్రీ స్త్రీగా నటిస్తే అది సహజంగానూ పరిగణించిన దృష్టే ఈ వ్యత్యాసానికి మూలం.

2. జన్మవృత్తాంతం - శిక్షణ

సురభి సంప్రదాయానికి 1885 ఆరంభ సంవత్సరం. తోలుబొమ్మలాట వృత్తిగా గల కుటుంబాలు నాటి కడప జిల్లాలోని సురభి గ్రామంలో వనారస గోవిందరావు నాయకత్వంలో 'కీచక వధ'ను ప్రదర్శించడంతో అది మొదలైంది. కుటుంబమే సమాజంగా, సమాజమే కుటుంబంగా నడిచిన ఈ వ్యవస్థలో స్త్రీలు రంగస్థలంపైకి రావడం సహజ పరిణామం. బొమ్మలాటలో తెరవెనుక పాత్రలకు గొంతునిచ్చిన స్త్రీలు, నాటకంలో తెరముందుకు వచ్చారు.

కమలాబాయి జననం గురించి ఒక కథ ప్రచారంలో ఉంది. తల్లి వెంకూబాయి దమయంతి పాత్ర నటిస్తుండగా ప్రసవ వేదన కలిగిందని, శిశువు రంగస్థలం మీదనే జన్మించిందని, ప్రేక్షకులు దానిని నాటకంలో భాగంగానే భావించారని చెబుతారు. దాదాపు ప్రతి జీవిత చిత్రణా ఈ కథతోనే మొదలవుతుంది. ఇందులోని చమత్కారం కాదనలేనిది. అయితే ఈ కథ చేసే పని ఒకటి గమనించాలి. నటన ఆమెకు పుట్టుకతో వచ్చిన వరమని సూచించడం ద్వారా, అది నేర్చుకున్న విద్య అన్న వాస్తవాన్ని ఇది వెనక్కి నెడుతుంది. కమలాబాయి బాల్యంలోనే కృష్ణుడు, ప్రహ్లాదుడు వంటి పాత్రలు ధరించారు. పద్యాన్ని రాగయుక్తంగా పాడుతూ అర్థం చెడకుండా పలకడం, మైకు లేని రోజుల్లో చివరి వరుస ప్రేక్షకుడికి మాట వినిపించడం, పాత్ర మారితే నడక మార్చుకోవడం: ఇవన్నీ రాత్రుల తరబడి చేసిన సాధన వల్ల అలవడేవి. ఆ శ్రమను గుర్తించకుండా జన్మకథను మాత్రమే చెప్పడం విమర్శ కాజాలదు.

3. స్త్రీపాత్ర - పురుషనటుడు

కమలాబాయి సాధన విలువ తెలియాలంటే సురభి వెలుపలి పరిస్థితిని చూడాలి. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల్లో ప్రచారంలో ఉన్న తూర్పు భాగవతంలో సత్యభామ పాత్రను పరంపరగా పురుషుడే ధరిస్తాడు. మద్దెల దరువుకు తగిన అడుగు, జడ పట్టు, భామ అతిశయం అక్కడ పురుష కళాకారుడి ప్రజ్ఞకు గీటురాళ్లు. కూచిపూడి భామాకలాపానిదీ ఇదే మార్గం. ఆధునిక పద్యనాటక రంగంలో స్థానం ఈ మార్గానికే పట్టం కట్టారు. అంటే స్త్రీ ఎలా నడవాలో, ఎలా అలగాలో, ఎలా సిగ్గుపడాలో నిర్ణయించే ప్రమాణాన్ని పురుషనటులే నెలకొల్పారు.

సురభి ఈ ప్రమాణాన్ని భంగపరచింది. అక్కడ స్త్రీపాత్రలను స్త్రీలే ధరించారు, అవసరమైతే పురుషపాత్రలను కూడా ధరించారు. బాలకృష్ణుడిగా, ప్రహ్లాదుడిగా కమలాబాయి కనబడటం ఈ దృష్టితో ముఖ్యమైనది. పురుషుడి స్త్రీవేషాన్ని ప్రతిభగా కొనియాడిన విమర్శ, స్త్రీ ధరించిన ఈ పాత్రలను బాల్యస్మృతిగా మాత్రమే పేర్కొని ముందుకు సాగింది.

4. లీలావతి: కథానాయికా, తల్లా?

'భక్త ప్రహ్లాద'కు హెచ్.ఎం. రెడ్డి దర్శకుడు. ధర్మవరం రామకృష్ణమాచార్యుల నాటకం ఆధారంగా, సురభి నటులతో బొంబాయిలో దీనిని నిర్మించారు. హిరణ్యకశిపుడిగా మునిపల్లె సుబ్బయ్య నటించారు. పాటల రచనలో చందాల కేశవదాసు పాలుపంచుకున్నారు. చాలాకాలం ఈ చిత్రం విడుదల తేదీని 1931 సెప్టెంబర్ 15గా పేర్కొన్నారు. రెంటాల జయదేవ పరిశోధన దానిని 1932 ఫిబ్రవరి 6గా నిరూపించింది. ఈ సవరణ ఒక పాఠం చెబుతుంది. 'తొలి' అనే గౌరవం తేదీపై ఆధారపడేది. తేదీ మారితే క్రమం మారవచ్చు. నటి విలువను అటువంటి ఆధారంపై నిలపడం సమంజసం కాదు.

అంతకంటే ముఖ్యమైన అంశం 'కథానాయిక' అన్న మాట. ప్రహ్లాద కథలో శృంగార నాయికకు చోటు లేదు. లీలావతి తల్లి. భర్త ఆజ్ఞకూ బిడ్డ ప్రాణానికీ మధ్య నలిగే పాత్ర ఆమెది. హిరణ్యకశిపుడికి క్రోధం ఉంది, ప్రహ్లాదుడికి భక్తి ఉంది. లీలావతికి నిస్సహాయత తప్ప వేరే ఆయుధం లేదు. కథలోని కరుణ రసమంతా ఆమెపైనే ఆధారపడి ఉంటుంది. బాల్యంలో ప్రహ్లాదుడిగా నటించిన కమలాబాయి, సుమారు ఇరవై అయిదేళ్ల వయసులో అతని తల్లిగా నటించారు. ఒకే కథను రెండు అంచుల నుంచి ఎరిగిన నటిని 'తొలి కథానాయిక' అని మాత్రమే పిలిస్తే ఈ విశేషం కనుమరుగవుతుంది.

ఆ రోజుల్లో నేపథ్యగానం లేదు. కెమెరా ముందు నటించేవారే పాడాలి, ఆ గొంతే నేరుగా ముద్రణ కావాలి. కాబట్టి టాకీకి కావలసిన నటిని టాకీ తయారు చేయలేదు, నాటకం తయారు చేసి ఇచ్చింది. అదే సంవత్సరం వచ్చిన 'పాదుకా పట్టాభిషేకం', 'శకుంతల' చిత్రాల్లోనూ కమలాబాయి నటించడం ఈ అవసరానికి నిదర్శనం.

5. 'పాతాళ భైరవి': మిగిలిన సాక్ష్యం

'భక్త ప్రహ్లాద' ప్రతి నేడు లభ్యం కాదు. ఆమె కీర్తికి ఆధారమైన నటన చూడటానికి లేదు. చూడగలిగినది 1951లో కె.వి. రెడ్డి దర్శకత్వంలో వచ్చిన 'పాతాళ భైరవి'లోని తోట రాముడి తల్లి పాత్ర. అది చిన్న పాత్ర. అయినా మాంత్రికుడు, పాతాళ దేవత, మాయామహలు నిండిన కథలో ఆ తల్లి ఇంటి మనిషి. కొడుకు సాహసానికి పొంగిపోకుండా, వాడు క్షేమంగా తిరిగి రావాలని మాత్రమే కోరే గొంతు ఆమెది. కథలోని అద్భుతం నమ్మదగినదిగా తోచాలంటే ఇటువంటి మామూలు గొంతు ఒకటి ఉండాలి.

ఈ పాత్రలో రంగస్థల నటి తన పద్ధతిని కుదించుకున్న తీరు గమనార్హం. ఉచ్చారణలో నాటకపు స్పష్టత ఉంది, చివరి వరుసను ఉద్దేశించిన బిగ్గరతనం లేదు. దగ్గరగా నిలిచిన కెమెరాకు తగినట్లు మాట మెత్తబడింది. పద్యనాటకంలో పెరిగిన వారందరికీ ఈ మార్పు సాధ్యపడలేదు. లీలావతి నుంచి రాముడి తల్లి వరకు రెండు దశాబ్దాల ప్రయాణాన్ని 'కథానాయిక స్థాయి నుంచి తల్లి పాత్రకు దిగజారడం'గా చూడటం పొరపాటు. ఆమె తెరజీవితం మొదలైందే తల్లి పాత్రతో.

6. ముగింపు

పై పరిశీలన నుంచి మూడు అంశాలు తేలుతున్నాయి. ఒకటి, కమలాబాయి ప్రాధాన్యం తొలి కావడంలో లేదు, రంగస్థల విద్యను టాకీకి అందించడంలో ఉంది. రెండు, స్త్రీపాత్రధారణ చరిత్రను పురుషనటుల ప్రమాణంతోనే రాయడం వల్ల నటీమణుల సాధన విమర్శకు విషయం కాలేకపోయింది. మూడు, చిత్రం నశిస్తే నటన నశిస్తుంది గాని, నటనను గురించిన మాటను సకాలంలో సేకరిస్తే అది నిలుస్తుంది.

మూడో అంశం ప్రాంతీయ పరిశోధనకు నేరుగా వర్తిస్తుంది. పలాస, టెక్కలి, ఉద్దానం తీర గ్రామాల కళారూపాలపై జరిగే పరిశోధనలు భాగవత బృందాల్లోని పురుష కళాకారుల వంశపరంపరను నమోదు చేయడంతో ఆగరాదు. ఊరి సంబరాల నాటకాలకు రాత్రికింత అని పారితోషికం తీసుకుని వచ్చి, ద్రౌపదిగానో చంద్రమతిగానో నిలిచి, తెల్లవారేసరికి వెళ్ళిపోయిన స్త్రీల పేర్లు, వారు నేర్చుకున్న తీరు, పాడిన బాణీ కూడా ఆ నమోదులో చేరాలి. కమలాబాయికి కనీసం ఒక బిరుదు మిగిలింది. ఆ స్త్రీలకు అదీ మిగలలేదు. వారి మాటను వినగలిగిన కాలం ఇంకా చాలా లేదు.